రికార్డులో లేని నలభై ఒక్క గజాలు

ఎవాన్ దైవాశీర్వాదం పేరు ఇంటర్నెట్‌లో వెతికితే ఒక్క వరస దొరుకుతుంది. ఎత్తు, బరువు, పుట్టిన ఊరు, చదివిన కాలేజీ. ఆ పక్కన, ఆడిన మ్యాచ్‌లు ఒకటి. బంతితో పరుగెత్తిన సార్లు సున్నా. గజాలు సున్నా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మనిషిని గజాలతో కొలుస్తారు. పద్నాలుగేళ్ళ పాటు ఒకడు తిన్న గుడ్లు, పడ్డ దెబ్బలు, ఐసు నీళ్ళ తొట్టెల్లో వణుకుతూ కూర్చున్న పొద్దుటి పూటలు అన్నీ ఆ వరసలో ఇమిడిపోయాయి. ఆ వరస రాసినవాళ్ళు తప్పు రాయలేదు. నా బాధంతా అదే.

అమెరికాలో మా ఆష్‌బర్న్‌లో కిటికీలు లేని భవనాలు ఎక్కువ. లోకంలోని ఇంటర్నెట్ అంతా వాటిలోంచే పోతుందని మనవాళ్ళు తాతల నాటి పొలం గురించి చెప్పినట్టు చెప్పుకుంటారు, లోపల వాళ్ళు చేసేది బ్యాటరీలు మార్చడమే అయినా. ఎవాన్ తండ్రి దైవాశీర్వాదం గారు అలాంటి ఒక డేటా సెంటర్‌లో కరెంటు పనులు చూస్తారు. సొంతూరు నరసాపురం. తల్లి లూసీ గారు ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడో పాస్‌పోర్టు చేసినప్పుడు తండ్రిగారి అసలు ఇంటిపేరు ఎగిరిపోయి, పేరే ఇంటిపేరుగా మిగిలింది. అమెరికాలో పుట్టిన కొడుక్కి అదే వచ్చింది. ఇంగ్లీషులో పద్నాలుగు అక్షరాలు. ఆట చొక్కా వెనకాల అవి ఒక చంక దగ్గర మొదలై రెండో చంక దగ్గర ఆగేవి.

ఎవాన్ చిన్నప్పుడు ఒక ఆట కాదు, మూడు ఆడేవాడు. ఆకులు రాలే కాలంలో ఫుట్‌బాల్. వసంతం వస్తే ట్రాక్ మీద రెండు వందల మీటర్లు, రిలే. ఎండాకాలం సెలవుల్లో తెలుగు అంకుల్స్ క్రికెట్ లీగు. ఆ లీగులో పొట్టలున్న అంకుల్స్ కొట్టేవారు, వాళ్ళ బదులు ఎవాన్ పరుగెత్తేవాడు. ఒకటి రావలసిన చోట రెండు, రెండు రావలసిన చోట మూడు. దామోదర్ అంకుల్ అనే ఆయన ప్రతి ఏడాదీ ఒకే మాట అనేవాడట, ఈ కాళ్ళు క్రికెట్‌కి పెడితే పనికొచ్చేవి, ఆ కుమ్ములాటకి పెట్టి పాడుచేసుకుంటున్నాడు అని. మనకి అర్థం కాని ప్రతిదీ మన దృష్టిలో పాడైపోవడమే.

ఫుట్‌బాల్‌లో ఎవాన్ రన్నింగ్ బ్యాక్. ఆ పని చెప్పడం తేలిక. వెనకాల నిలబడాలి. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ వచ్చి బంతిని పొట్టలో పెడతాడు. ముందర అయిదుగురు భారీ మనుషులు అవతలివాళ్ళని నెడుతూ ఉంటారు. ఆ నెట్టుకోవడంలో ఎక్కడో ఒక సందు తెరుచుకుంటుంది, కన్ను మూసి తెరిచేలోగా మళ్ళీ మూసుకుంటుంది. అందులోంచి దూరిపోవాలి. అంతే. ముందుగా వెళితే సొంతవాళ్ళ వీపులే గోడ అవుతాయి. ఆలస్యమైతే మీద పడే మనుషుల బరువెంతో చెప్పక్కర్లేదు.

ఈ సంగతులు నాకు మొదట తెలియవు. 2021లో మాస్టర్స్‌కని వచ్చినవాణ్ణి. ఆదివారం పూట మన భోజనం దొరుకుతుందని రూమ్మేట్ చెబితే ఆ తెలుగు చర్చికి వెళ్ళాను. దేవుడి కోసం వెళ్ళానని అబద్ధం చెప్పను. రెండో వారానికే కంప్యూటర్ చదువు కదా అని పాటల స్లైడ్లు మార్చే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టారు. ఎవాన్ పరిచయమైంది అక్కడే. వాడు వాడే మాటలు అర్థం కాక ఊళ్ళో లైబ్రరీ నుంచి ఫుట్‌బాల్ నియమాల పుస్తకం తెచ్చుకుని మూడుసార్లు చదివాను. ఆ పుస్తకం అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాలతో, ఒక్కో తప్పు పక్కన దాని అర్థం రాసుకున్నారు. ‘పట్టుకోవడం. పది గజాలు వెనక్కి.’ ‘ముందుగా కదలడం. అయిదు గజాలు.’ లైబ్రరీ పుస్తకం మీద రాసే బుద్ధి మనవాళ్ళకి తప్ప ఎవరికుంటుంది అనుకున్నాను.

ఆ చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళ హాలు అద్దెకి. పొద్దున వాళ్ళది, మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదు దాకా మనది. ఎక్కువ ఆదివారాలు అమెరికన్ బోధకులే వచ్చేవారు, అప్పుడు దైవాశీర్వాదం గారు వాళ్ళ పక్కన నిలబడి తెలుగులోకి చెప్పేవారు. మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ముందు వరసలో కూర్చునేవారు, వాళ్ళ కోసం. ఈ పని చేసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. బోధకుడు ఒక మాట అంటే వీళ్ళు నాలుగు అంటారు, గొంతు పెంచి తామే బోధకులైపోతారు. దైవాశీర్వాదం గారు అలా కాదు. అర అడుగు వెనకాల నిలబడేవారు. అవతలి మనిషి వాక్యం పూర్తయ్యాక సగం ఊపిరి ఆగేవారు. అప్పుడు చెప్పేవారు. ఒక్క మాట కలపరు, ఒక్క మాట వదలరు. ఇరవై ఏళ్ళలో ఆయన తనవైపు నుంచి ఒక్క వాక్యం చేర్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. చిన్నప్పుడు ఎవాన్ మొదటి వరసలో కూర్చుని ఆ సగం ఊపిరినే చూస్తూ ఉండేవాడట. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని కాళ్ళు ఊపుకుంటూ.

కాలేజీ షెనాండోవా లోయలో. చిన్న కాలేజీ. పొద్దున్నే కొండల మీంచి పొగమంచు దిగి మైదానం మీద పడుకునేది. ప్రాక్టీసు మొదలయ్యే వేళకి గోల్ కర్రల పైకొసలు మాత్రం కనిపించేవని, మనుషులు నడుం దాకా తెల్లటి దాంట్లో మునిగి పడవల్లా తిరిగేవారని ఎవాన్ చెప్పాడు. అక్కడ వాడు రెండు ఆటలూ ఆడాడు. ట్రాక్ వాడికి ఒక అలవాటు నేర్పింది, పిస్తోలు పేలగానే దూకడం. ఫుట్‌బాల్‌లో ఆ అలవాటే వాడికి శత్రువైంది. మొదటి ఏడాది వాడు సందు తెరుచుకోకముందే పరుగెత్తి సొంతవాళ్ళ వీపులకి గుద్దుకునేవాడు. కోచ్ హార్లన్ అనే ముసలాయన వాణ్ణి ఒక వసంతకాలమంతా పరుగెత్తనివ్వలేదు. ఆటలన్నీ నడకలో ఆడించాడు. బంతి తీసుకో, నడు, ఆగు, చూడు, నడు. మిగతావాళ్ళు నవ్వేవారు.

ఆ ఆగడం వాడికి పట్టుబడింది ఒక శనివారం పొద్దున. పొగమంచులో ముందున్న వీపులు సరిగ్గా కనపడక, వాడు తెలియకుండానే ఆగాడట. ఆగిన ఆ కాస్సేపట్లో తండ్రి గుర్తొచ్చాడు.

“డాడీ వెయిట్ చేస్తాడు కదా, ఆ స్పీకర్ సెంటెన్స్ ఫినిష్ అయ్యేదాకా. నేను కూడా సేమ్ అలాగే వెయిట్ చేశాను. దెన్ ఇట్ ఓపెన్డ్,” అన్నాడు వాడు నాతో. వాడి తెలుగులో ర అక్షరం నోట్లోనే చుట్టుకుపోతుంది. అయినా ఆ మాట నాకు చాలా పుస్తకాల కంటే ఎక్కువ రోజులు గుర్తుంది.

ఆ తర్వాత మూడేళ్ళు వాడివే. మూడో ఏడాది వెయ్యి గజాలు దాటాడు. వసంతంలో నాలుగు వందల మీటర్ల రిలేలో మూడోవాడిగా మలుపు మీద పరుగెత్తేవాడు. రిలేలో కర్ర అందుకునేటప్పుడు వెనక్కి చూడకూడదు. చెయ్యి వెనక్కి చాపి ముందుకే పరుగెత్తాలి. ఫుట్‌బాల్‌లోనూ బంతి పొట్టలో పడేటప్పుడు బంతిని చూడకూడదు, సందును చూడాలి. తనకి వచ్చిందల్లా ఆ ఒక్క విద్యేనని వాడు అంటాడు. చూడకుండా అందుకోవడం.

కాలేజీ ఆటలు శనివారం. అమ్మానాన్నలిద్దరూ రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళేవారు, స్టీలు డబ్బాలో కోడికూర, అన్నం పెట్టుకుని. లూసీ గారు బంతి కొడుకు చేతిలో పడగానే కళ్ళు మూసుకునేది. మైకులో పేరు వినపడ్డాకే తెరిచేది. మైకు మనిషి పద్నాలుగు అక్షరాలూ పలకలేక మొదటి ఏడాదంతా ‘ఎవాన్ డి’ అన్నాడు. రెండో ఏడాది దైవాశీర్వాదం గారు మెట్లెక్కి ఆ గదిలోకి వెళ్ళి, ఆ మనిషి పక్కన నిలబడి, ముక్కలు ముక్కలుగా నేర్పి వచ్చారు. అప్పటినుంచి ఆ లోయలో శనివారం మధ్యాహ్నాలు ఆ పేరు కొండలకి తగిలి తిరిగి వచ్చేది. తన పేరు తన వెనకాలే పరుగెత్తుకొస్తున్నట్టుండేదని ఎవాన్ అన్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పెద్ద లీగులో ఆటలు ఆదివారం మధ్యాహ్నం.

కాలేజీ ఆటగాళ్ళని టీంలు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ వాణ్ణి తీసుకోలేదు. డ్రాఫ్ట్ అయ్యాక చలి ఊళ్ళోని ఒక టీం ఫోన్ చేసి రమ్మంది. ఆ రోజు వంటింట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకున్నారు. దైవాశీర్వాదం గారు ఆదివారం ఆడటం తప్పని అనలేదు. బైబిలు తెరవలేదు. నీ పని నువ్వు చేసుకో, నా పని నేను చేసుకుంటాను అన్నారట, కాఫీ కప్పు కడుగుతూ. కోపంగా కూడా అనలేదు. ముందు వరసలో ముసలివాళ్ళు తన కోసం కూర్చుంటారు, తను వెళ్ళకపోతే వాళ్ళకి ఆ రెండు గంటలూ చెవుడే. ఎవాన్ తల ఊపాడు. కానీ అప్పటినుంచి వాడి కోరిక ఒకటే అయింది. స్టారు కావాలనీ, ఇల్లు కొనాలనీ కాదు. ఒక్కసారి, అసలైన మ్యాచ్‌లో, లెక్కలోకి వచ్చేలా బంతి పట్టుకుని పరుగెత్తాలి. అది డాడీ చూడాలి.

ఆగస్టు చివర్లో టీంలు తొంభై మందిని యాభై ముగ్గురికి కుదిస్తాయి. ఎవాన్‌ని కుదించారు. మర్నాడు మళ్ళీ పిలిచి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకున్నారు. ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే వారమంతా అందరితో పాటు ప్రాక్టీసు చేసి, ఆట రోజున మామూలు బట్టల్లో పక్కన నిలబడేవాళ్ళు. అక్కడ వాడి పని ఇంకా విచిత్రం. వచ్చే ఆదివారం తలపడబోయే టీంలో రన్నింగ్ బ్యాక్ ఎవరో, వారమంతా వాడు ఆ మనిషి కావాలి. ఆ మనిషి నంబరు వేసుకోవాలి. ఆ మనిషి వీడియోలు చూసి వాడి అడుగులు, భుజం వంచే తీరు, ఎటు తిరగబోతాడో చెప్పే చిన్న తల ఊపు, అన్నీ నేర్చుకోవాలి. సొంత టీం వాళ్ళు వాణ్ణి ఆ మనిషి అనుకుని పడగొడతారు. సోమవారం ఆ మనిషిని మర్చిపోయి ఇంకొకడు కావాలి.

ఏడాదిన్నర అలా బతికాడు. కలలో కూడా వేరేవాళ్ళ కాళ్ళతో పరుగెత్తేవాడట. ఒక కలలో మైదానం మీద ముప్పైమంది తనే, ముప్పై నంబర్లతో, అందరూ తలా ఒక రకంగా పరుగెత్తుతున్నారు. పొగమంచులో నిలబడి వాళ్ళలో తన పరుగు ఏదో వెతుక్కుంటున్నాడు. లేచాక దొరికిందో లేదో గుర్తుండేది కాదు. మనవాళ్ళలో సగం మంది ఆఫీసుల్లో చేసేది అదే పని కదా అన్నాను నేను. వాడు నవ్వలేదు. “నో. దే గో హోమ్ యాజ్ దెమ్‌సెల్వ్స్,” అన్నాడు.

2023 డిసెంబరులో ఒక శనివారం పొద్దున మా చర్చి వాట్సాప్ గ్రూపులో లూసీ గారు ప్రార్థన మనవి పెట్టింది. టీంలో ఇద్దరు రన్నింగ్ బ్యాక్‌లకి గాయాలు. రేపు ఎవాన్‌ని ఆడిస్తారట. కింద ఒక ఫొటో. లాకర్లో వేలాడుతున్న చొక్కా, దాని వీపున ఇరుకిరుకుగా కుట్టిన పద్నాలుగు అక్షరాలు. గంటలో నూట ఎనిమిది ఆమెన్లు వచ్చాయి. చికాగోలోనో డాలస్‌లోనో ఉన్న బంధువులకి ఆ ఫొటో ఎన్ని చేతులు మారిందో లెక్క లేదు. దైవాశీర్వాదం గారు ఏమీ రాయలేదు. మర్నాడు ఒహాయో నుంచి ఒక బోధకుడు వస్తున్నాడు. తెలుగులోకి చెప్పాల్సింది ఆయనే.

ఆట ఒంటిగంటకి మొదలైంది. మన ఆరాధన రెండున్నరకి. నేను ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు ఒక కిటికీలో, ఆట ఇంకో కిటికీలో, శబ్దం లేకుండా పెట్టుకున్నాను. ఎవాన్ మొదటి సగంలో మైదానం పక్కనే నిలబడ్డాడు. ఇక్కడ పాటలు మొదలయ్యాయి. డ్రమ్ములు, కీబోర్డు, చప్పట్లు. దైవాశీర్వాదం గారు మైకు పట్టుకుని అతిథి పక్కన తన వంతు కోసం నిలబడి ఉన్నారు. నా వెనక కుర్చీలో జోసఫిన్ ఆంటీ. భీమవరం ఆవిడ, చర్చిలో వంటలకీ వార్తలకీ ఆవిడే పెద్ద. ఉన్నట్టుండి నా భుజం మీద గట్టిగా పొడిచింది.

“బాబూ, అడుగో మనోడు లోపలికెళ్తన్నాడు. పెద్ద తెర మీదెయ్యి. అయ్యగారేం అనరు, నేను చెప్తాలే.”

అయ్యగారంటే పాస్టరు. నేను ఆయన్ని అడగలేదు. నొక్కాను. పాట మాటలు పోయి తెర మీద పచ్చటి మైదానం వచ్చింది. పాట ఆగలేదు. రెండు వందల మంది నోట్లో పల్లవి, కళ్ళ ముందు మంచు రేణువులు తేలే మైదానం. తెర మీద ఎవాన్ వీపు కనిపించింది. ముందు వరసలో ఒక అమ్మమ్మ ఆ అక్షరాలు ఇంగ్లీషులో కూడబలుక్కుని, మన దైవాశీర్వాదం పేరే అని పక్కావిడకి చెప్పింది.

బంతి పొట్టలో పడింది. ఎవాన్ ఎడమవైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చుట్టూ అందరూ కూలిపోతూ, గుద్దుకుంటూ ఉంటే ఒక్కడు మాత్రం ఏదో వాక్యం పూర్తయ్యే దాకా వింటున్నట్టు నిలబడ్డాడు. తర్వాత కుడివైపు తిరిగాడు. సందు తెరుచుకుంది. ఇక వాడి ముందు ఎవరూ లేరు. శబ్దం లేని ఆ పరుగు మీద మా డ్రమ్ములు మోగుతున్నాయి, వాడి కాళ్ళు వాటి తాళానికే పడుతున్నట్టున్నాయి. వాడికి కూడా ఆ వేళ చెవుల్లో ఏమీ వినపడలేదట. డెబ్బై వేల మంది అరుస్తున్నా నీళ్ళ అడుగున ఉన్నట్టుందట. ముప్పైమందిలో ఎవరి కాళ్ళో కాదు, తన కాళ్ళేనని తెలిసిందట. నలభై ఒక్క గజాలు పరుగెత్తాక ఒకడు పక్కనుంచి వచ్చి గీత అవతలికి నెట్టాడు.

హాలంతా లేచి నిలబడింది. స్తోత్రం, స్తోత్రం అని కేకలు. లూసీ గారు ఈసారి కళ్ళు మూసుకోలేదు, మోకాళ్ళ మీద కూలబడింది. పాస్టరు గారు చేతులెత్తి, అదే ఊపులో కృతజ్ఞత పాట అందుకుని, నాకు స్లైడ్ వెయ్యమని సైగ చేశారు. వేశాను.

కానీ వేసేముందు నేను చూశాను. చాలా వెనకాల, ఆట మొదలైన చోట, గడ్డి మీద పసుపుపచ్చ గుడ్డ ఒకటి పడి ఉంది, తప్పు జరిగితే రెఫరీలు విసిరే జెండా. రెఫరీ ఒక మణికట్టును రెండో చేత్తో పట్టుకుని చూపిస్తున్నాడు. హోల్డింగ్. ఆ సైగ చేశాక అక్కడ జరిగింది జరగనట్టే. బంతిని వెనక్కి తెస్తారు, ఇంకో పది గజాలు కూడా వెనక్కి జరుపుతారు. నా చిన్న తెర మీద అదంతా జరిగింది. పెద్ద తెర మీద అప్పటికే పాట మాటలున్నాయి. ఆట మళ్ళీ మొదలుకాకముందే ఎవాన్‌ని బయటికి పిలిచారు. మళ్ళీ లోపలికి పంపలేదు.

ఆ హాల్లో ఆ గుడ్డ అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను. పిల్లలు బేస్‌మెంటులో సండే స్కూల్లో ఉన్నారు. పెద్దవాళ్ళకి క్రికెట్ తప్ప తెలీదు. చెప్పొచ్చు. చెప్పలేదు. జాలితో అని అనను. రెండు వందల మంది ఒక్కసారిగా తప్పు లెక్క చేసుకోవడం చూడటంలో ఒక సుఖం ఉంది, అప్పట్లో నాకు అలాంటి సుఖాలే మిగిలాయి. ఆ రోజు ప్రసంగం మధ్యలో దైవాశీర్వాదం గారు ఒకచోట మరీ ఎక్కువసేపు ఆగిపోయారు. అతిథి ఆయన మోచేతిని తాకవలసి వచ్చింది. సంతోషం పట్టలేక అనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

గాయపడ్డవాళ్ళు కోలుకున్నారు. క్రిస్మస్ అయిన వారానికి టీం ఎవాన్‌ని వదిలేసింది. జనవరి రెండో ఆదివారం నేనే వాణ్ణి ఇంటి దగ్గర ఎక్కించుకుని చర్చికి తీసుకెళ్ళాను. వాళ్ళమ్మానాన్న కుర్చీలు వెయ్యడానికి ముందే వెళ్ళిపోయారు. దారిలో చెప్పాను, జోసఫిన్ ఆంటీ కేకు చేయించింది, నీ సాక్ష్యం ఉంది అని. మా చర్చిలో సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలు నిలబడి చెప్పడం. ఎక్కువగా వీసాల గురించే ఉంటుంది.

వాడు చాలాసేపు రోడ్డు పక్కన కిటికీలు లేని భవనాల వంక చూశాడు. తర్వాత అడిగాడు.

“వాళ్ళకి తెలీదా?”

“తెలీదు. ఎవరికీ.”

“డాడీకి?”

“ఆయనకీ తెలీదనుకుంటా.”

“సో హి థింక్స్ హి సా ఇట్. చెప్పకపోతే?” అన్నాడు.

“చెప్పకు,” అన్నాను నేను. “వాళ్ళు చెప్పే సాక్ష్యాలన్నీ నిజమేనా ఏంటి? మొన్న ఒకాయన వీసా లాటరీలో పేరొస్తే దేవుడే తీశాడన్నాడు. మరి రాని లక్షమంది పేర్లు ఎవరు తీసి పక్కన పెట్టారో చెప్పలేదు. నీదొక్కటి ఉంటే ఏం పోయింది?”

నాకు తెలుసు వాడి ముందున్నదేమిటో. జీవితంలో ఒక్కటి అడిగాడు, తండ్రి చూడాలని. తండ్రి చూశాడు, నమ్మాడు, ఆ నమ్మకం మీద రెండు వందల మంది సాక్షులున్నారు. నోరు మూసుకుంటే అది వాడిదే. నోరు విప్పితే తనే దాన్ని తండ్రి కళ్ళలోంచి తీసేయాలి.

హాల్లో వేదిక ముందు బల్ల మీద కేకు. పచ్చటి క్రీము, దాని మీద తెల్లటి గీతలు, గోధుమరంగు ప్లాస్టిక్ బంతి. నడుమ పెద్దగా 41, దాని కింద తెలుగులో ‘గజాలు’. బేకరీలో అమెరికన్ అమ్మాయి ఫోన్లో బొమ్మ చూసి అక్షరాలు గీసిందట. అవి గాలికి ఒకవైపు ఒరిగినట్టున్నాయి.

పాటలయ్యాక పాస్టరు గారు ఎవాన్‌ని పిలిచారు. వాడి తెలుగు ముందు వరస వాళ్ళకి అర్థం కాదు కాబట్టి వాడు ఇంగ్లీషులో చెప్పాలి, తెలుగులోకి చెప్పేది మామూలుగానే దైవాశీర్వాదం గారు. వాడి పక్కన, అర అడుగు వెనకాల నిలబడ్డారు. తండ్రి కొడుకు మాటలు తెలుగులోకి చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం.

మొదట మామూలు మాటలే. అందరి ప్రార్థనలకి వందనాలు అన్నాడు. ఆయన చెప్పారు. చలి ఊరి గురించి, ప్రాక్టీసు గురించి చెప్పాడు. ఆయన చెప్పారు. ఒక్క మాట కలపలేదు. తర్వాత ఎవాన్ కేకు వైపు చూశాడు. ఆగాడు.

“దేర్ వాజ్ ఎ ఫ్లాగ్ ఆన్ దట్ ప్లే.”

ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కూడా జెండా ఏమిటన్నట్టు మొహాలు చూసుకున్నారు. దైవాశీర్వాదం గారు ఆగారు. సగం ఊపిరి దాటింది. పూర్తి ఊపిరి దాటింది. నేను ల్యాప్‌టాప్ మీట మీద వేలు పెట్టి, ఏం నొక్కాలో తెలియక అలాగే ఉన్నాను.

“ఆ ఆటలో జెండా పడింది,” అన్నారాయన.

ఎవాన్, మా లైన్‌లో ఒకతను అవతలివాణ్ణి పట్టుకున్నాడు అని ఇంగ్లీషులో అన్నాడు. నంబరు చెప్పలేదు, పేరు చెప్పలేదు.

“డెబ్బై రెండో నంబరు కుర్రాడు, ఎడం పక్క, అవతలివాడి చొక్కా పట్టుకుని లాగాడు. దాన్ని హోల్డింగ్ అంటారు. పట్టుకోవడం. పది గజాలు వెనక్కి.”

ఎవాన్ తల తిప్పి తండ్రి వైపు చూశాడు. నేనూ చూశాను. ఆ మాటలు అదే వరసలో నేను పెన్సిల్ గీతల్లో చదివినవి. గుండ్రటి అక్షరాలు.

“సో ఇట్ డిడ్‌న్ట్ కౌంట్,” అన్నాడు ఎవాన్, తండ్రి వైపే చూస్తూ.

“కాబట్టి అది లెక్కలోకి రాలేదు,” అన్నారు దైవాశీర్వాదం గారు ముందు వరసకి.

ఇప్పుడు వంతు ఎవాన్‌ది. వాడి దగ్గర ఇంక మాటల్లేవు. ఇరవై ఏళ్ళుగా అలాంటప్పుడు ఆయన చేసేది ఎదురుచూడటమే. హాలంతా ఎదురుచూసింది. ఆయన మైకు కొంచెం పైకి ఎత్తి ఇంకో వాక్యం చెప్పారు. దానికి ముందు ఇంగ్లీషు లేదు.

“ఆ పరుగు నేను చూశాను.”

ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరసలో అమ్మమ్మ చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చివరికి నా వెనకాల నుంచి జోసఫిన్ ఆంటీ గొంతు, తగ్గించుకున్నా అందరికీ వినిపించేంత.

“అయితే కేకేం చేద్దాం అండీ?”

ఎవరో నవ్వారు. లూసీ గారు లేచి వెళ్ళి కొడుకు చేతికి ప్లాస్టిక్ కత్తి ఇచ్చింది. వాడు నాలుగుకీ ఒకటికీ మధ్యన కోశాడు. దామోదర్ అంకుల్ పేపరు ప్లేటుతో వరసలో నిలబడి, అందుకే క్రికెట్ ఆడమన్నాను, మనకి జెండాలుండవు అన్నాడు. ఎవాన్ పెద్ద ముక్క వేశాడు ఆయనకి.

అయిదింటికి హాలు ఖాళీ చెయ్యాలి. కుర్చీలు మడిచి గోడ వారగా పేర్చడం ప్రతి ఆదివారం ఉండే పని. ఎవాన్ వరస మొదట్లో మడుస్తున్నాడు, దైవాశీర్వాదం గారు వెనకాల అందుకుని పేరుస్తున్నారు. నేను వైర్లు చుట్టుకుంటూ దగ్గర్లోనే ఉన్నాను. నాలుగు వరసలు అయ్యాయి. తర్వాత ఆయన, ఒక కుర్చీ గోడకి ఆనిస్తూ, నెమ్మదిగా అన్నారు.

“సందు దగ్గర తొందరపడలేదురా. ఆగావు.”

ఎవాన్ వెనక్కి తిరగలేదు. మడిచిన కుర్చీని వెనక్కి చాపాడు, చూడకుండా. ఆయన అందుకున్నారు.